ఇంట్లో గాలి ఆడుతోందా?

(పాఠశాల స్వర్ణోత్సవ సభలో 1984–85 పదో తరగతి బ్యాచ్‌కు చెందిన పూర్వ విద్యార్థి, ఇంజనీరు చేసిన ప్రసంగ పాఠం)

 

నాకు ఇరవై నిమిషాలు ఇచ్చి, నా వృత్తి గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నా వృత్తి గాలి. ముప్పై ఏళ్లుగా హైదరాబాదు చుట్టుపక్కల మందుల కంపెనీల్లో పనిచేస్తున్నాను. మాత్రలు తయారయ్యే గదిలోకి ఎంత గాలి రావాలి, ఎంత వడకట్టి రావాలి, ఎటునుంచి వచ్చి ఎటు పోవాలి అని లెక్కలు కట్టడమే నా పని. గాలిగోపురం నీడలో పెరిగినవాడికి గాలి ఉద్యోగమే దొరికిందని మా బ్యాచ్ వాళ్లు ఇప్పటికీ ఎగతాళి చేస్తుంటారు.

నిజానికి ఈ పనిలో నాకు మొదటి పాఠం హైదరాబాదులో జరగలేదు, ఈ బడిలోనే జరిగింది. ఎనిమిదో తరగతిలో మా సైన్సు మాస్టారు కిళ్లీకొట్టు నుంచి సున్నం తెప్పించి, నీళ్లలో కలిపి రాత్రంతా ఉంచారు. పొద్దున పైన తేరిన తేటను గాజుగ్లాసులో పోసి, బొప్పాయి ఆకు కాడ ఒకటి నా చేతికిచ్చి ఊదమన్నారు. ఊదాను. తేట పాలలా తెల్లబడింది. క్లాసంతా చప్పట్లు. అప్పుడు మాస్టారు తలుపులూ కిటికీలూ చూపించి, "ఇవి మూసేస్తే నువ్వు వదిలిన గాలి ఎక్కడికి పోతుందిరా?" అని అడిగారు. నేను చెప్పలేకపోయాను. ఆయన ఇవాళ ముందు వరసలోనే కూర్చున్నారు. మాస్టారూ, ఆ ప్రశ్నకు జవాబు నాకు తెలిసేసరికి యాభై ఏళ్లు దగ్గరపడ్డాయి. ఆ సంగతే చెబుతాను.

మాది నేతపని చేసే ఇల్లు. ముందుగదిలో మగ్గం గుంట, నాన్న మగ్గం మీద, అమ్మ రాట్నం దగ్గర కండెలు చుడుతూ ఉండేవారు. మగ్గాల ఇళ్లలో పుట్టినవాళ్లకు తెలుసు, వేసవిలో కూడా కిటికీ పూర్తిగా తెరవనిచ్చేవాళ్లు కాదు. వడగాలి తగిలితే పడుగు ఎండిపోయి పోగులు తెగుతాయి. గుంటలో చెమ్మ, గదిలో నూలు ధూళి. వెనక వసారాలో వంట. పత్తికట్టె, కందికట్టె, ఏదీ దొరకనప్పుడు రంపపు పొట్టు పొయ్యి. అమ్మ ఆ పొయ్యి ముందు పాతికేళ్లకు పైగా కూర్చుంది. ఆమె కళ్లు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. అమ్మల కళ్లు అలాగే ఉంటాయి కాబోలు అనుకునేవాణ్ణి.

ఆ పొగను కొలిచినవాళ్లు ఉన్నారని ఉద్యోగంలో చేరాక చాలా ఏళ్లకు తెలిసింది. చెన్నైలోని శ్రీరామచంద్ర సంస్థకు చెందిన కల్పనా బాలకృష్ణన్, అమెరికాలో బర్కిలీ విశ్వవిద్యాలయానికి చెందిన కిర్క్ స్మిత్, వారి సహచరులు అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని మూడు జిల్లాల్లో నాలుగు వందలకు పైగా పల్లె ఇళ్లలో పరికరాలు పెట్టి, ఊపిరితిత్తుల్లోకి దిగే సన్నటి ధూళిని రోజంతా కొలిచారు. ఆ ఫలితాలు 2004లో అచ్చయ్యాయి. గ్యాస్ వాడే ఇళ్లలో ఘనపు మీటరు గాలికి సగటున 73 మైక్రోగ్రాములు ఉంటే, కట్టెలూ పిడకలూ వాడే ఇళ్లలో 732 దాకా ఉంది. ఎక్కువ పొగ పీల్చేది వంటచేసే ఆడవాళ్లేనని తేలింది. అది మనం ఊహించేదే. మగవాళ్లలో మాత్రం ఎక్కువ పీల్చేది అరవై అయిదు దాటిన ముసలివాళ్లని తేలింది. కారణం ఒక్కటే, వాళ్లు ఇంట్లోనే ఉంటారు. ఈ మాట గుర్తుంచుకోండి. ఇంటి గాలి బాగాలేకపోతే దాని దెబ్బ ముందు తగిలేది ఇల్లు కదలని వాళ్లకి.

ఇక నా తప్పు సంగతి.

2017లో మంగళగిరిలో కొత్త ఇల్లు కట్టాను. నాన్న అప్పటికే లేరు. అమ్మ పొయ్యి ముందు పడిన కష్టానికి బదులుగా ఆమెకు మంచి గది ఇవ్వాలనుకున్నాను. కింది అంతస్తులో పన్నెండు అడుగులకు పన్నెండు అడుగుల గది, గాలి చొరబడని గట్టి కిటికీలు, ఏసీ, గోడ పొడవునా ప్లైవుడ్ అల్మారాలు, పక్కనే బాత్‌రూము, అటుపక్క పూజగది. అమ్మకు తోడుగా మా పిన్ని అదే గదిలో పడుకునేది. నేను శని ఆదివారాలు హైదరాబాదు నుంచి వచ్చిపోయేవాణ్ణి.

ఆరు నెలలు తిరిగేసరికి అమ్మ దగ్గు ఎక్కువైంది. తెల్లవారుజామున పిల్లికూతలు, ఆయాసం. డాక్టరు పరీక్ష చేయించి సీవోపీడీ అన్నారు. పాత పొయ్యి పొగ చేసిన పని అది. మందులు రాసి, చివర్లో నన్ను అడిగారు: "ఆమె పడుకునే గది ఎలా ఉంటుంది? అక్కడ రాత్రిపూట ఏం వెలిగిస్తారు? వేరేచోట పడుకున్నప్పుడు తగ్గుతుందా?" మూడింటికీ నాకు జవాబు తెలియదు. మా చెల్లెలి ఇంటికి వెళ్లినప్పుడు అమ్మ హాయిగా నిద్రపోతుందని పిన్ని చెప్పింది.

అప్పటికి ఎన్నోసార్లు అమ్మ నాతో అంది, "గాలి ఆడట్లేదురా" అని. అన్నప్పుడల్లా నేను ఏసీ రెండు డిగ్రీలు తగ్గించేవాణ్ణి. ఆమె అడిగింది గాలి, నేనిచ్చింది చల్లదనం. మనం ఇళ్లలో పెట్టుకునే స్ప్లిట్ ఏసీ బయట నుంచి కొత్త గాలి తీసుకురాదు. గదిలో ఉన్న గాలినే చల్లబరిచి మళ్లీ గదిలోకే వదులుతుంది. ఈ విషయం నాకు తెలియక కాదు. తెలిసిన విద్య ఇంటి గడప దాటి లోపలికి రాలేదు, అంతే.

ఒక శనివారం కంపెనీకి వెళ్లినట్టే సంచి సర్దుకుని మా ఇంటినే తనిఖీ చేశాను. ఎలా చేశానో వరసగా చెబుతాను. మీలో ఎవరైనా చేసుకోవచ్చు. చాలావరకు ఖర్చులేని పని.

మొదట ముక్కు. ఎంత వాసనైనా కొద్ది నిమిషాల్లో మన ముక్కుకు అలవాటైపోతుంది. అందుకని బయట వీధిలో పావుగంట తిరిగి, ఒక్కసారిగా గదిలోకి వెళ్లాలి. మొదటి రెండు మూడు ఊపిర్లలో తెలిసిందే నిజం. నాకు మూడు వాసనలు తగిలాయి: తడిసిన గోనెసంచి వాసన, కొత్త చెక్క ఘాటు, అగరుబత్తి. ప్లైవుడ్‌ని అతికించే కొన్ని రకాల జిగురుల్లోంచి ఫార్మాల్డిహైడ్ అనే వాయువు నెలల తరబడి వస్తూనే ఉంటుంది. కళ్లు, గొంతు మండించేది అదే.

తర్వాత కన్ను. బీరువా జరిపి చూశాను. బాత్‌రూము గోడకు వెనకవైపు, మోకాలి ఎత్తున, నల్లటి చుక్కలు చుక్కలుగా బూజు. చెమ్మ గోడలోంచి వస్తోందా, గది గాలిలోంచి గోడకు పడుతోందా తేల్చుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. అడుగు పొడవు, అడుగు వెడల్పు పాలిథీన్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి రెండు రోజులు వదిలేయాలి. కాగితం లోపలివైపు నీటి బిందువులు కడితే చెమ్మ గోడలోనిది. పైవైపు కడితే గది గాలిలోది. మాకు లోపలివైపు కట్టింది. గోడలో పైపు అతుకు దగ్గర నీరు కారుతోంది. ఇల్లు కట్టేటప్పుడు పైపులకు ఒత్తిడి పరీక్ష చేయించకుండా ప్లాస్టరింగ్‌కు సరేనన్నది నేనే. బూజు కనిపించాక అది ఏ జాతి బూజో ప్రయోగశాలకు పంపి తెలుసుకోవాల్సిన అవసరం చాలావరకు ఉండదు. నీరు ఎక్కడిదో తెలుసుకుని ఆపాలి. నీరు ఆపకుండా రంగు వేస్తే డబ్బు దండగ.

మూడోది గాలి నడక. తలుపులు మూసి, వెలిగించిన అగరుబత్తిని కిటికీ సందుల దగ్గర, తలుపు కింద, బాత్‌రూము ఫ్యాను దగ్గర పట్టుకుని పొగ ఎటు పోతోందో చూడాలి. మా బాత్‌రూము ఫ్యాను గిర్రున తిరుగుతోంది, పొగ మాత్రం కదలడం లేదు. ఫ్యాను వెనక రేకు మూత తీయడం మర్చిపోయారు. పూజగది పొగ మాత్రం తలుపు కిందనుంచి నేరుగా అమ్మ గదిలోకి వస్తోంది.

నాలుగోది నోటుపుస్తకం. ఎప్పుడు ఏం వెలిగించారు, ఎప్పుడు తలుపు మూశారు, ఎప్పుడు దగ్గు వచ్చింది అని మూడు రోజులు రాయమని పిన్నికి చెప్పాను. రాత్రి తొమ్మిదికి దోమల కాయిల్, పదకొండుకి దగ్గు. మూడు రోజులూ అంతే.

చివరికి మీటరు. చాలామంది ముందు మీటరు కొంటారు, అందుకే అయోమయపడతారు. నేను మంచం ఎత్తులో, కిటికీకీ ఏసీకీ దూరంగా పెట్టి వారం రోజులు చూశాను. కాయిల్ వెలిగిన రాత్రి సన్న ధూళి, అంటే పీఎం 2.5, ఘనపు మీటరుకు 600 మైక్రోగ్రాములు దాటింది. మన దేశం బయటి గాలికి పెట్టుకున్న ఇరవై నాలుగు గంటల పరిమితి 60. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించినది 15. ఒక కాయిల్ పూర్తిగా కాలితే వెలువడే సన్న ధూళి 75 నుంచి 137 సిగరెట్ల ధూళికి సమానమని 2003లోనే ఒక పరిశోధన లెక్కగట్టింది. ఊళ్లో ఒక్క బీడీ కూడా ముట్టని మా అమ్మ పక్కన మేం రోజూ అది వెలిగించాం.

తెల్లవారి అయిదింటికి కార్బన్ డయాక్సైడ్, చిన్నప్పుడు మనం బొగ్గుపులుసు వాయువు అని చదువుకున్నది, 2,200 పీపీఎం ఉంది. బయట గాలిలో సుమారు 420 ఉంటుంది. 1858లో జర్మనీలోని మ్యూనిక్‌లో పెట్టెన్‌కోఫర్ అనే శాస్త్రవేత్త, సున్నపు తేటకు దగ్గరి చుట్టమైన బేరియం నీళ్లతో ఇళ్లలో గాలిని కొలిచి, 1,000 దాటితే గదికి కొత్త గాలి చాలడం లేదని లెక్క అని చెప్పాడు. ఆ కొలత ఇప్పటికీ పనికొస్తోంది. ఆ వాయువు 2,200 దగ్గర విషమని కాదు. మన ఊపిరి గదిలోనే మిగిలిపోతోందని, దానితోపాటు పొగ, ఘాటు, చెమ్మ కూడా మిగిలిపోతున్నాయని అది చెబుతుంది.

లెక్క కట్టాను. ఇద్దరు మనుషులు నిద్రలో గంటకు సుమారు 24 లీటర్ల బొగ్గుపులుసు వాయువు వదులుతారు. ఆ గది కొలతకు 2,200 రావాలంటే, గదిలోని గాలి గంటకు మూడో వంతు కూడా మారడం లేదన్నమాట. నేను పనిచేసే చోట మాత్రలు తయారయ్యే గదిలో గాలి గంటకు ఇరవై సార్లకు తక్కువ కాకుండా మారాలి. మాత్రలకు ఇరవై సార్లు. అమ్మకు మూడో వంతు. ఆ కాగితం ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

తర్వాత చేసినవి పెద్ద పనులేమీ కావు. పైపు అతుకు బాగుచేయించి, ప్లాస్టరింగ్ చెక్కించి, గోడ పూర్తిగా ఆరేదాకా నెలన్నర రంగు వేయలేదు. కిటికీలకు దోమల జాలీ బిగించి, మంచానికి దోమతెర కట్టాం. కాయిల్ మానేశాం. దోమలు తగ్గకుండా కిటికీ తెరవమంటే మన కృష్ణా డెల్టాలో ఎవరూ వినరు, కాబట్టి జాలీ ముందు, కిటికీ తర్వాత. ఫ్యాను మూత తీయించాం. గోడకు చిన్న రంధ్రం చేసి, వడపోత ఉన్న చిన్న ఫ్యానుతో బయటి గాలి కొద్ది కొద్దిగా లోపలికి వచ్చేలా చేశాను. పూజ మానలేదు. దీపం గదిలో, అగరుబత్తి తులసికోట దగ్గర. అమ్మే ఒప్పుకుంది, దేవుడికి ఎక్కడైనా ఒకటేనంది. వారానికి కొలత మళ్లీ చూస్తే బొగ్గుపులుసు వాయువు 900 దాటలేదు, ధూళి వీధిలో కంటే తక్కువే ఉంది.

దెబ్బతిన్న ఊపిరితిత్తి తిరిగి బాగుపడదని డాక్టరు ముందే చెప్పారు. పడలేదు. కానీ రాత్రిళ్లు నిద్ర వచ్చింది, తెల్లవారుజాము ఆయాసం తగ్గింది. నేను మీటరు చూపించి అంకెలన్నీ వివరిస్తే, అమ్మ ఓపిగ్గా విని, "కిటికీ తెరవమని నేను మొదటే చెప్పాగా" అంది. అయిదేళ్ల తర్వాత ఆమె పోయింది. చివరి అయిదేళ్లు గాలి ఆడే గదిలో ఉంది. మొదటి ఆరు నెలల బాకీ మాత్రం నాకు మిగిలింది. ఆ బాకీ తీర్చుకోవడానికే ఇలా దొరికిన వేదికమీదల్లా ఈ మాటలు చెబుతున్నాను.

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతమంతా మునిగిన సంగతి మీకు తెలుసు. ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చిన రోజులవి. మన బ్యాచ్ మిత్రుల ఇళ్లు కూడా రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. నీళ్లు తగ్గాక అందరూ బురద కడిగారు, ఇంట్లోవాళ్ల దిగులు పోవాలని వెంటనే రంగులు వేయించారు. కొన్ని నెలలకే ఆ రంగు పొట్టు లేచింది. కింద బూజు. తడిసిన వస్తువు ఒకటి రెండు రోజుల్లో ఆరకపోతే బూజు పట్టడం మొదలవుతుంది. దూది పరుపులు, సోఫాలు, ప్లైవుడ్ మంచాలు అన్ని రోజులు నానితే దక్కవు, పారేయడమే మంచిది. ఇటుక గోడ ఆరడానికి వారాలు కాదు, నెలలు పడుతుంది. ముందు ఆరనివ్వండి, పాలిథీన్ కాగితం పరీక్ష చేయండి, ఆ తర్వాతే రంగు. బూజు గోకేటప్పుడు ముక్కుకు ఎన్95 మాస్కు ఉండాలి, ఉబ్బసం ఉన్నవాళ్లు ఆ గదిలో ఉండకూడదు.

ఒక హెచ్చరిక. ఇంతవరకు చెప్పినవన్నీ మెల్లగా చేసే హాని. ఒక్క గంటలో ప్రాణం తీసేది కార్బన్ మోనాక్సైడ్. దీనికి రంగు లేదు, వాసన లేదు. వంటగ్యాస్ కారితే తెలియాలని అందులో కావాలని వాసన కలుపుతారు. దీనికి ఆ దారీ లేదు. బాత్‌రూములో గ్యాస్ గీజరు, మూసిన గదిలో బొగ్గుల కుంపటి, కరెంటు పోయినప్పుడు వరండాలో పెట్టిన జనరేటరు, ఇవీ దీనికి దారులు. బాలింత గదిలో తలుపులు బిగించి కుంపటి పెట్టే అలవాటు ఇంకా అక్కడక్కడా ఉంది. దయచేసి మాన్పించండి. గీజరు బాత్‌రూము బయట, గాలి తగిలే చోట ఉండాలి. స్నానం చేస్తుంటే తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం వస్తే వెంటనే బయటికి రావాలి. నేను చెప్పిన ధూళి మీటరు గానీ, బొగ్గుపులుసు వాయువు మీటరు గానీ దీన్ని పట్టుకోలేవు. దీనికి వేరే అలారం ఉంటుంది, అదే కొనాలి.

మీటర్ల గురించి ఇంకొక్క మాట. చవక ధూళి మీటర్లు పొగమంచు రోజుల్లో నీటి తుంపర్లను కూడా ధూళిగా లెక్కేసి ఎక్కువ చూపిస్తాయి. కాబట్టి ఒక్క అంకె చూసి భయపడవద్దు. వీధిలో ఎంత, గదిలో ఎంత అని పోల్చండి. గదిలో ఎక్కువైతే మూలం ఇంట్లోనే ఉంది, వెతకండి. వీధిలోనే ఎక్కువైతే, కోతల తర్వాత గడ్డి తగలబెట్టే సాయంత్రాల్లా, ఆ కాసేపు కిటికీలు మూయండి.

అమెరికాలో ఇల్లు కొన్న మన పూర్వ విద్యార్థులు ఇక్కడ చాలామంది ఉన్నారు. ఇల్లు కొనేముందు అక్కడ తనిఖీదారుణ్ణి పిలిపించి, నేలమాళిగలో రాడాన్ వాయువు ఎంతుందో రెండు మూడు రోజులు కొలిపిస్తారు. నాలుగు పికోక్యూరీలు దాటితే సరిచేయించమంటారు. అక్కడ అంత శ్రద్ధ తీసుకున్నవాళ్లు, ఇక్కడ అమ్మానాన్నలు పడుకునే గదిలో బీరువా ఒక్కసారి జరిపి చూడండి. వచ్చే పదిహేను రోజులు ఇక్కడే ఉంటారు కదా.

ఇక మన బడి సంగతి చెప్పి ముగిస్తాను. స్వర్ణోత్సవ కానుకగా డిజిటల్ తరగతి గదికి ఏసీలు ఇవ్వాలని మన సంఘం అనుకుంటోంది. మంచి ఆలోచన. పోయిన నెల ప్రధానోపాధ్యాయుల అనుమతితో ఆ గదిలో మీటరు పెట్టాను. తలుపులు మూసి 42 మంది పిల్లలు పాఠం వింటుంటే ముప్పై అయిదు నిమిషాల్లో బొగ్గుపులుసు వాయువు 2,300కు చేరింది. వెనక బెంచీల్లో ఆవలింతలు. తలుపులు, కిటికీలు తెరిచి ఫ్యాన్లు వేస్తే పది నిమిషాల్లో 900కు దిగింది. మనం చదువుకునేటప్పుడు ఆ గదికి పైన వెంటిలేటర్లు ఉండేవి. తెరమీద వెలుగు పడుతోందని వాటికి చెక్కలు కొట్టారు. అలాగే ఏసీలు బిగిస్తే, నేను మా అమ్మకు చేసిందే ఈ పిల్లలకూ చేసినవాళ్లం అవుతాం.

నా విన్నపాలు మూడు. ఏసీలతోపాటు గాలి లోపలికి తెచ్చే ఫ్యాను, బయటికి పంపే ఫ్యాను కూడా పెడదాం. వాటి లెక్క, ఖర్చు, బిగింపు నావి. రెండోది, మధ్యాహ్న భోజనం వండే రేకుల షెడ్డులో గ్యాస్ అయిపోయిన రోజు ఇప్పటికీ కట్టెలే. అక్కడ వండే అమ్మల కళ్లు మా అమ్మ కళ్లలాగే ఎర్రగా ఉన్నాయి. అదనపు సిలిండర్లకు, షెడ్డుకు పొగగొట్టానికి మా 1984–85 బ్యాచ్ ఇవాళే డబ్బు జమ చేస్తోంది. మూడోది, ఒక మంచి మీటరు బడి సైన్సు గదికి ఇస్తున్నాను. అది అల్మారాలో పెట్టి తాళం వేయడానికి కాదు. తొమ్మిదో తరగతి పిల్లలు వంతులవారీగా ఇంటికి తీసుకెళ్లాలి, నానమ్మో తాతయ్యో పడుకునే గదిలో మూడు రోజులు పెట్టాలి, నోటుపుస్తకంలో రాసి తేవాలి. మా మాస్టారు బొప్పాయి కాడ చేతికిచ్చినట్టే.

మాస్టారూ, తలుపులు మూసేస్తే మనం వదిలిన గాలి ఎక్కడికీ పోదండి. అక్కడే ఉంటుంది. ఇన్నేళ్ల ఆలస్యానికి క్షమించండి.